లా పీహెచ్‌డీకి అప్లై చేసే ముందు ఆ "క్రిటికల్ స్టడీ" తీసెయ్ చెల్లెమ్మా

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సొంతూరు కర్నూలు, ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ, తర్వాత ఏడాది ఎల్ఎల్ఎం, నాలుగేళ్లుగా ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో కాంట్రాక్టులు చూసే ఉద్యోగం, వయసు 29, లాలో పీహెచ్‌డీ చేయాలని ఉంది కానీ ఫుల్ టైమా పార్ట్ టైమా తేల్చుకోలేకపోతున్నావు, నాన్నేమో "ఇంకెన్నేళ్లు చదువుతావమ్మా" అంటున్నారు. టాపిక్ మాత్రం రెడీగా ఉందన్నావు, "డేటా ప్రైవసీ అండ్ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ఇన్ ఇండియా: ఎ క్రిటికల్ స్టడీ" అని. నువ్వు అనే పిలవమన్నావు కాబట్టి అలాగే పిలుస్తా. నాది మదనపల్లె, బెంగళూరుకొచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఇక్కడే పీహెచ్‌డీ చేసి పదకొండేళ్లుగా ఒక లా కాలేజీలో పాఠాలు చెప్తున్నా, ఈమధ్య ఇంటర్వ్యూ ప్యానెళ్లలో అవతలి వైపు కూడా కూర్చుంటున్నా. అందుకే కాస్త కటువుగా అనిపిస్తే ఏమీ అనుకోకు.

నువ్వు అడిగిన వరసలో కాకుండా నువ్వు అడగని దానితో మొదలుపెడతా. నీ టాపిక్‌తో ఇంటర్వ్యూకి వెళ్తే ఐదు నిమిషాల్లో బయటకొచ్చేస్తావు. టాపిక్ చెడ్డదని కాదు, అసలు అందులో ప్రశ్నే లేదు. డేటా ప్రైవసీలో ఏంటి, ఏఐలో ఎక్కడ, ఎవరికి ఏమైంది, నువ్వు ఏం తేల్చబోతున్నావు, ఇవేవీ అందులో కనపడవు. "ఎ క్రిటికల్ స్టడీ" అని, "యాన్ అనలిటికల్ స్టడీ" అని, "విత్ స్పెషల్ రిఫరెన్స్ టు ఇండియా" అని తోకలు తగిలించడం మన లా వాళ్లకి అంటుజాడ్యం. ఒక్కసారి శోధ్‌గంగ ఓపెన్ చేసి చూడు, గాంధీనగర్‌లో ఉండే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లు నడిపే సైట్ అది, దేశంలోని థీసిస్‌లు అక్కడ పెడతారు, ఫ్రీగా చదువుకోవచ్చు. అందులో ప్రైవసీ అని కొట్టు, నీ టైటిల్‌కి అక్కాచెల్లెళ్లు ఎంతమంది ఉన్నారో నీకే తెలుస్తుంది. శోధ్‌గంగోత్రి అని ఇంకోటుంది, అందులో ఇంకా నడుస్తున్న పనుల సినాప్సిస్‌లు, అంటే మొదట్లో ఇచ్చే రీసెర్చ్ ప్లాన్లు ఉంటాయి, అది కూడా చూడు, ఎందుకంటే ప్యానెల్‌లో ఒకరు కచ్చితంగా "దీని మీద ఆల్రెడీ ఎవరెవరు పని చేశారు, వాళ్లతో నీకు ఎక్కడ పేచీ" అని అడుగుతారు, అక్కడ నీళ్లు నమిలినవాళ్లని నేను చాలామందిని చూశాను.

నేనేం పెద్ద తెలివిగా అప్లై చేశాననుకోకు. మొదటి ఏడాది నా ప్రపోజల్ "విమెన్ అండ్ లేబర్ లా: ఎ క్రిటికల్ స్టడీ". ప్యానెల్‌లో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి "ఏ విమెన్ అమ్మా, ఏ లేబర్, ఏ లా" అని మూడు ముక్కలడిగారు, నేను ఐదు చట్టాల పేర్లు అప్పజెప్పి వచ్చేశా. సెలెక్ట్ కాలేదు. ఆ సాయంత్రం బస్సులో ఏడ్చుకుంటూ ఇంటికెళ్లా, కానీ ఆయన అడిగిన మూడు ముక్కలే తర్వాత ఏడాది నా ప్రపోజల్ అయ్యాయి. పీణ్యలో గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే మా పక్కింటి వాళ్లకి ప్రసూతి సెలవు కాగితం మీద ఎలా ఉంది, చేతికి ఎలా అందుతోంది అన్న దగ్గర మొదలుపెట్టా.

నీ దగ్గర ఇంతకంటే మంచి సరుకుంది, నీకు తెలీట్లేదు అంతే. నువ్వు రోజూ కంపెనీ కాంట్రాక్టులు చూస్తావు కదా, ఉద్యోగుల అపాయింట్‌మెంట్ లెటర్లలో డేటా కన్సెంట్ క్లాజులు నీ చేతిమీదుగానే వెళ్తుంటాయి కదా. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, అందులో సెక్షన్ 7లో కన్సెంట్ లేకుండా డేటా వాడుకునే "లెజిటిమేట్ యూజెస్" ఉన్నాయి, వాటిల్లో ఉద్యోగానికి సంబంధించిన అవసరాలు, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడం అనేవి కూడా ఒక క్లాజ్. ఇప్పుడు ఆలోచించు: వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ల్యాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్లు తీసే సాఫ్ట్‌వేర్ పెడితే అది ఆ క్లాజ్ కిందికి వస్తుందా రాదా, ఉద్యోగం పోతుందన్న భయంతో పెట్టిన సంతకం కన్సెంట్ అవుతుందా అవదా, 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పినప్పుడు చెప్పిన ప్రపోర్షనాలిటీ టెస్ట్ (హక్కులో జోక్యం అవసరానికి మించకూడదన్న కొలత) ప్రైవేట్ యజమాని దగ్గర ఎంతవరకు పనిచేస్తుంది. ఇది ఒక ప్రశ్న. దీనికి కావాల్సిన మెటీరియల్ కూడా చేతికందే దూరంలో ఉంది, డేటా రక్షణ మీద 2018లో వచ్చిన శ్రీకృష్ణ కమిటీ రిపోర్ట్, 2021 డిసెంబర్‌లో వచ్చిన జాయింట్ పార్లమెంటరీ కమిటీ రిపోర్ట్, చట్టం డ్రాఫ్టులు మారుతూ వచ్చిన తీరు. ఉద్యోగుల డేటా గురించి ఒక్కో డ్రాఫ్ట్‌లో ఏం రాశారో పక్కపక్కన పెట్టి చూస్తేనే ఒక చాప్టర్ వస్తుంది. ఒక్క మాట, నీ కంపెనీ కాగితాలు మాత్రం థీసిస్‌లోకి తేకు, కాన్ఫిడెన్షియాలిటీ క్లాజ్ రాసేదే నువ్వాయె.

ఇంకో ఉదాహరణ చెప్తా, టాపిక్ చిన్నదైతే చులకన అవుతుందేమో అన్న భయం పోతుంది. చెక్ బౌన్స్ కేసులు అని ఒకబ్బాయి నా దగ్గరకొచ్చాడు, చెక్ బౌన్స్‌ని నేరం చేసిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 మొత్తం మీద రాస్తానన్నాడు. వద్దురా నాయనా అని కూర్చోబెట్టి మాట్లాడితే చివరికి అదే చట్టంలోని 143ఏ దగ్గర ఆగాం. 2018లో చేర్చిన సెక్షన్ అది, కేసు నడుస్తుండగానే చెక్ మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించొచ్చు. ఇప్పించి తీరాలా, మెజిస్ట్రేట్ ఇష్టమా అని హైకోర్టులు తలో మాటా చెప్పాయి, 2024 మార్చిలో సుప్రీంకోర్టు అది కంపల్సరీ కాదు, మెజిస్ట్రేట్ విచక్షణ అని తేల్చింది. మరి ఆ విచక్షణని కింది కోర్టుల్లో ఏ లెక్కన వాడుతున్నారు, ఆర్డర్లలో కారణాలు రాస్తున్నారా, అదే వాడి ప్రశ్న. ఈకోర్ట్స్ సైట్‌లో ఆర్డర్లు దొరుకుతాయి, ఒక జిల్లా తీసుకో, రెండేళ్లు తీసుకో, చదువు, లెక్కపెట్టు. ఇంటర్వ్యూలో వాడికి ఇంగ్లీష్ తడబడింది, అయినా సీటొచ్చింది, ఎందుకంటే ఏం చేయబోతున్నాడో వాడికి తెలుసు. నువ్వు కూడా టెన్త్ దాకా తెలుగు మీడియం అని భయపడుతున్నావు కదా, నేనూ అంతే, అది వదిలెయ్.

ప్రపోజల్ రాసేటప్పుడు హైపోథిసిస్ (నిజమో కాదో పరీక్షించి తేల్చాల్సిన ఊహ) అని ఒక కాలమ్ అడుగుతారు, పదిలో ఎనిమిది మంది అక్కడ "ప్రస్తుతం ఉన్న చట్టాలు సరిపోవు" అని రాస్తారు. చదివీ చదివీ నాకు విసుగొచ్చింది. ఏ చట్టం సరిపోతుందమ్మా ఈ లోకంలో? అది తప్పని ఎవరూ రుజువు చేయలేరు, కాబట్టి అది హైపోథిసిస్సే కాదు. మెథడ్ దగ్గర కూడా "డాక్ట్రినల్ అండ్ నాన్ డాక్ట్రినల్" అని రెండూ టిక్కు పెట్టేసి వస్తారు. డాక్ట్రినల్ అంటే చట్టం, తీర్పులు, కమిటీ రిపోర్టులు చదివి వాదన కట్టడం, నాన్ డాక్ట్రినల్ అంటే మనుషుల దగ్గరికో కోర్టు రికార్డుల దగ్గరికో వెళ్లి చూడటం, రెండోది రాస్తే "ఎంతమందిని, ఎలా ఎంచుకుంటావు, ఏమడుగుతావు, ఎథిక్స్ పర్మిషన్ సంగతేంటి" అని వెంటనే అడుగుతారు. చేయగలిగితేనే రాయి. పాత చట్టాలతో వచ్చేవాళ్లు ఇంకో రకం, 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత నడుస్తుంటే ఇంకా ఐపీసీ సెక్షన్ నంబర్లతో ప్రపోజల్ ఇస్తారు, అది చూడగానే ఇది ఎక్కడి నుంచో ఎత్తిందని అర్థమైపోతుంది.

సరే, ఇప్పుడు రూల్స్. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2022 నవంబర్‌లో కొత్త పీహెచ్‌డీ రెగ్యులేషన్స్ తెచ్చింది. పీజీలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీ లేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకి 5 శాతం సడలింపు. ఐదేళ్ల లా తర్వాత ఏడాది ఎల్ఎల్ఎం చేసినందుకు అర్హత ఉండదేమో అని అడిగావు, నాలుగేళ్ల డిగ్రీ తర్వాత ఏడాది పీజీ సరిపోతుందని ఆ రెగ్యులేషన్స్‌లోనే ఉంది, నీది ఐదేళ్లది, ఆ దిగులు పెట్టుకోకు, నోటిఫికేషన్‌లో ఆ యూనివర్సిటీ అదనంగా ఏమైనా పెట్టిందేమో మాత్రం చూసుకో. కనీసం మూడేళ్లు, గరిష్టంగా ఆరేళ్లు, రీ రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకి దాని మీద ఇంకో రెండేళ్లు, మొత్తం మీద పదేళ్లు దాటకూడదు. ఆడవాళ్లకి మెటర్నిటీ, చైల్డ్ కేర్ లీవ్ కలిపి 240 రోజుల దాకా ఇవ్వొచ్చని కూడా ఉంది, నీ ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయన్నావు కాబట్టి చెప్తున్నా, చాలామందికి ఇది తెలీక మధ్యలో మానేస్తున్నారు. కోర్స్‌వర్క్ 12 క్రెడిట్లకి తగ్గదు, రీసెర్చ్ మెథడాలజీ, ఎథిక్స్ లాంటివి ఉంటాయి, అందులోనూ 55 శాతం రావాలి.

ఎంట్రన్స్ సంగతి. 2024-25 నుంచి నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) స్కోర్‌తోనే పీహెచ్‌డీ అడ్మిషన్ తీసుకునే వీలు వచ్చింది, నెట్ రాస్తే మూడు రకాలుగా క్వాలిఫై అవుతావు, జేఆర్ఎఫ్ (నెలనెలా డబ్బిచ్చే రీసెర్చ్ ఫెలోషిప్)తో సహా ఒకటి, అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్లస్ పీహెచ్‌డీ ఒకటి, పీహెచ్‌డీకి మాత్రమే ఒకటి. చివరి రెండింట్లో నెట్ మార్కులకి 70, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ, స్కోర్ ఏడాది వరకే పనికొస్తుంది. పరీక్షలో పేపర్ వన్ 50 ప్రశ్నలు, పేపర్ టూ లా 100 ప్రశ్నలు, మూడు గంటలు, నెగటివ్ మార్కులు లేవు, ఒక్కటి కూడా ఖాళీగా వదలకు. సొంత ఎంట్రన్స్ పెట్టుకునేవి కూడా ఉన్నాయి, నాగరభావి నేషనల్ లా స్కూల్‌కి ఎన్ఎల్ఎస్ఏటీ ఉంటుంది, ఏపీ యూనివర్సిటీలకి ఏపీఆర్‌సెట్. బెంగళూరు వదలనంటే నేషనల్ లా స్కూల్, దానికి దగ్గర్లోనే జ్ఞానభారతి క్యాంపస్‌లో బెంగళూరు యూనివర్సిటీ లా డిపార్ట్‌మెంట్, ఇంకా ప్రైవేట్ యూనివర్సిటీలు ఉన్నాయి. హుబ్బళ్లిలో స్టేట్ లా యూనివర్సిటీ, చెన్నైలో అంబేద్కర్ లా యూనివర్సిటీ, మనవైపు షామీర్‌పేట నల్సార్, సబ్బవరం దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ కూడా లిస్ట్‌లో పెట్టుకో. ఒక్కదానికే అప్లై చేసి కూర్చోకు.

జేఆర్ఎఫ్‌కి 30 ఏళ్లే కదా నాకు టైమ్ అయిపోయింది అన్నావు. లేదు తల్లీ. ఆడవాళ్లకి ఐదేళ్ల సడలింపు ఉంది. ఎల్ఎల్ఎం ఉన్నవాళ్లకి విడిగా మూడేళ్లు ఇస్తారు, మగపిల్లలు కూడా చదువుతుంటే ఇది గుర్తుపెట్టుకోండి, అయితే ఏ కారణాలు కలిపినా మొత్తం ఐదేళ్లు దాటదు. అంటే నీకు ఇంకా బోలెడు ఛాన్సులున్నాయి, నెట్ జూన్‌లో ఒకసారి డిసెంబర్‌లో ఒకసారి. జేఆర్ఎఫ్ వస్తే నెలకి 37 వేలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)గా మారితే 42 వేలు, హెచ్ఆర్ఏ వేరు. నీ ఇప్పటి జీతం ముందు అది చిన్నదే, కానీ హాస్టల్ దొరికితే బెంగళూరులో బతకొచ్చు, డబ్బు ఒక్కోసారి లేటుగా పడుతుంది కాబట్టి నాలుగైదు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని రిజైన్ చెయ్.

ఇక్కడ ఒకటి సూటిగా అడుగుతా. నీకు కావాల్సింది లెక్చరర్ ఉద్యోగమా, లేక ఆ ప్రశ్న తేల్చాలన్న తపనా? ఉద్యోగమే అయితే 2023 జులైలో యూజీసీ మార్చిన రూల్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) చాలు, పీహెచ్‌డీ కంపల్సరీ కాదు. ముందు నెట్ కొట్టి కాలేజీలో చేరి, ఆ తర్వాత తీరిగ్గా పార్ట్ టైమ్ చేసుకోవచ్చు. కర్ణాటక సెట్ అయిన కేసెట్ రాస్తే కర్ణాటకలోనే చెల్లుతుంది, ఏపీ సెట్ ఏపీలోనే, అది మర్చిపోయి రాసేవాళ్లున్నారు.

పార్ట్ టైమ్ అయితే కంపెనీ నుంచి ఎన్‌ఓసీ కావాలి. ఏదో "అభ్యంతరం లేదు" అని ఒక లైన్ రాసిస్తే కుదరదు, పార్ట్ టైమ్‌గా చదవడానికి అనుమతి ఉంది, పని మధ్యలో రీసెర్చ్‌కి తగినంత టైమ్ దొరుకుతుంది, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం రిలీవ్ చేస్తాం, ఈ మూడూ ఉండాలి. మూడోది చూడగానే హెచ్ఆర్ వాళ్ల మొహం మారిపోతుంది. అందుకే నోటిఫికేషన్ రాకముందే మీ మేనేజర్‌తో మాట్లాడి పెట్టుకో. నా సలహా అడిగితే, జేఆర్ఎఫ్ వస్తే ఫుల్ టైమ్, రాకపోతే పార్ట్ టైమ్. సర్జాపూర్ రోడ్ ట్రాఫిక్‌లో రెండు గంటలు కూర్చుని రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి థీసిస్ రాస్తా అంటే నమ్మను, శనాదివారాలు గట్టిగా పట్టుకుంటే అవుతుంది. ఇంకో మాట, కంపెనీలో జీతం తీసుకుంటున్నావు కాబట్టి నీ బార్ కౌన్సిల్ సనద్ (లాయర్‌గా ప్రాక్టీస్ చేసే లైసెన్స్) సస్పెన్షన్‌లో పెట్టే ఉంటావు, పెట్టకపోతే ముందు అది చూసుకో.

గైడ్ గురించి చెప్పకుండా ఎలా. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు స్కాలర్లు, అంతకుమించి తీసుకోకూడదు. అంటే నీ మార్కులు ఎంత బావున్నా ఆ మేడమ్ దగ్గర ఖాళీ లేకపోతే లేదు. రిటైర్‌మెంట్‌కి మూడేళ్ల లోపున్న వాళ్లు కొత్తవాళ్లని తీసుకోవడానికి లేదు, ఇది కూడా కనుక్కో. పెద్ద పేరు వెంట పడకు. నా క్లాస్‌మేట్ ఒకావిడ చాలా పేరున్న గైడ్ దగ్గర చేరింది, ఆయనకి ఊళ్లు తిరగడమే సరిపోయేది, చాప్టర్ ఇస్తే ఎనిమిది నెలలకి "గుడ్, కంటిన్యూ" అని వచ్చేది. నా గైడ్‌కి పేరు లేదు, కానీ కామా తప్పు పెట్టినా ఎర్ర పెన్నుతో గీసి వారంలో ఇచ్చేవారు. వాళ్ల దగ్గర ఇప్పుడున్న ఒక స్కాలర్‌ని పట్టుకుని క్యాంటీన్‌లో కాఫీ తాగిస్తే ఏ వెబ్‌సైట్‌లోనూ లేని విషయాలన్నీ చెప్తారు. మెయిల్ పెట్టేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని అరపేజీ వద్దు, వాళ్లు రాసిన ఒక ఆర్టికల్ నిజంగా చదివి, అందులో ఏ పాయింట్ నీ ప్రశ్నకి తగులుతుందో నాలుగు లైన్లు, ఒక పేజీ కాన్సెప్ట్ నోట్, అంతే.

సర్టిఫికెట్ల దగ్గర మనవాళ్లు బోల్తా పడతారు. ఏపీలో బీసీ అయినంత మాత్రాన సెంట్రల్ ఓబీసీ లిస్ట్‌లో ఉన్నట్టు కాదు, చూసుకో, ఉంటే సెంట్రల్ ఫార్మాట్‌లో తాజా నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ తీయించు. కర్ణాటక స్టేట్ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఆంధ్రా కాస్ట్ సర్టిఫికెట్‌తో రిజర్వేషన్ రాదు, జనరల్‌లోనే లెక్క వేస్తారు, ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నాం కదా అంటే వినరు. మైగ్రేషన్ సర్టిఫికెట్ కోసం చివరి వారంలో కర్నూలు బస్సెక్కే పరిస్థితి తెచ్చుకోకు.

సినాప్సిస్ రాసిస్తాం, మూడు రోజుల్లో పేపర్ పబ్లిష్ చేయిస్తాం అని వాట్సాప్‌లో వచ్చేవాళ్ల జోలికి అస్సలు పోకు. 2022 రెగ్యులేషన్స్‌లో థీసిస్ సబ్మిట్ చేయడానికి పబ్లికేషన్ కంపల్సరీ అన్నది తీసేశారు, కొన్ని యూనివర్సిటీలు సొంతంగా అడుగుతాయి, అడిగితే మంచి జర్నల్‌లో ఒక్కటి చాలు. కాపీ సంగతి 2018 రెగ్యులేషన్స్‌లో ఉంది, పోలిక పది శాతం దాటితే తిప్పి రాయమంటారు, అరవై దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఆన్‌లైన్ పీహెచ్‌డీ, ఫారిన్ యూనివర్సిటీతో టైఅప్ అని యాడ్స్ వస్తాయి, వాటికి గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022లోనే నోటీస్ ఇచ్చాయి. నిజంగా ఫారిన్ వెళ్లాలంటే అది వేరే కథ, ప్రపోజల్‌తో పాటు రిఫరెన్స్ లెటర్లు, స్కాలర్‌షిప్ డేట్లు ఏడాది ముందు నుంచే చూసుకోవాలి, ఇంకోసారి రాస్తా.

నాన్నగారికి ఏం చెప్పాలో అడిగావు. మా నాన్న కూడా ఇదే అన్నారు, నేను చాలా లెక్చర్ ఇచ్చాను, ఆయనకి ఎక్కలేదు. చివరికి పీణ్య అక్కల సెలవు సంగతి చెప్తే "ఓహో, మన మిల్లులో కూడా అంతే గదా" అన్నారు, ఆ తర్వాత అడ్డు చెప్పలేదు. నువ్వు కూడా నీ ప్రశ్న ఆయనకి తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పి చూడు, ఆయనకి అర్థం కాకపోతే ప్రశ్న ఇంకా తయారవలేదని లెక్క. తయారయ్యాక అదే ఒక పేరాగా రాసి ఇక్కడ కింద పెట్టు, ఈ ఆదివారం మా కాలేజీ పేపర్లు దిద్దడం అయిపోతుంది, కూర్చుని చూస్తా. టైటిల్ మాత్రం ఇప్పుడే పెట్టకు.